కౌంటీ కోర్టు కాగితాలు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి విడాకుల మీద వచ్చిన ఉత్తరాలన్నీ కాలిఫోర్నియా నుంచే. ఒకటి మాత్రం ఒంగోలు నుంచి వచ్చింది, అదీ కాలిఫోర్నియా కేసు గురించే. కాబట్టి కింద రాసిన ఫారాలు, ఫీజులు, గడువులు ఆ రాష్ట్రానివి. టెక్సస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్నవాళ్ళు ఇది పట్టుకుని కోర్టుకెళ్ళకండి, అక్కడి లెక్క వేరు. పేర్లు తీసేశాం. ఉత్తరాలు బాగా కుదించాం.

ప్రశ్న: హెచ్-4 (మా ఆయన ఉద్యోగ వీసా మీద ఆధారపడిన వీసా) మీద ఉన్నాను, ఉద్యోగం లేదు, మూడేళ్ళ పాప. మూడు వారాల కిందట ఎవరో వచ్చి తలుపు కొట్టి కవరు చేతిలో పెట్టి వెళ్ళిపోయారు. మా ఆయన విడాకులకు వేశాడు. "నువ్వు సంతకం పెట్టకపోతే కేసు నడవదు, పెద్దవాళ్ళం మాట్లాడతాం, నువ్వు పాపని తీసుకుని వచ్చెయ్" అంటోంది మా పిన్ని. లాయరుకి ఇవ్వడానికి డబ్బుల్లేవు. ఏం చెయ్యను? (ఫ్రీమాంట్)

ముందు ఆ కవరు మళ్ళీ తియ్యమ్మా. అందులో ఎఫ్ఎల్-110 అని సమన్లు ఉంటాయి. అది నీ చేతికొచ్చిన రోజు నుంచి 30 రోజులు, శని ఆదివారాలతో కలిపి. మూడు వారాలు అయిపోయాయంటే నీకు మిగిలింది వారం పైచిలుకే. మీ పిన్నితో వాదన తర్వాత పెట్టుకోవచ్చు.

సంతకం సంగతి చెబుతాను. కాలిఫోర్నియాలో 1970 నుంచి తప్పు ఎవరిదో నిరూపించకుండానే విడాకులిస్తున్నారు. ఒకరు కావాలంటే చాలు, రెండోవాళ్ళు సంతకం పెట్టకపోయినా కేసు నడుస్తుంది. నువ్వు ఊరుకున్నావనుకో, 30 రోజులు దాటాక ఆయన డిఫాల్ట్ అడుగుతాడు, అంటే అవతలి మనిషి నోరు విప్పలేదు కాబట్టి నా కాగితాలు చూసి తేల్చండి అని. పాప ఎవరి దగ్గర ఉండాలి, నీకు భరణం ఎంత, ఇవన్నీ ఆయన రాసిన కాగితాన్ని బట్టే నడుస్తాయి. మనవాళ్ళు మౌనంగా ఉండడం గౌరవం అనుకుంటారు గానీ, కోర్టు దాన్ని 'అభ్యంతరం లేదు' అనే చదువుతుంది.

నువ్వు వెయ్యాల్సింది ఎఫ్ఎల్-120, అంటే రెస్పాన్స్, ఆయన కేసుకి నీ జవాబు. పాప ఉంది కాబట్టి దానితో పాటు ఎఫ్ఎల్-105 కూడా. అందులో గత ఐదేళ్ళలో, మీ పాపకైతే పుట్టినప్పటి నుంచి, ఎవరి దగ్గర, ఏ ఊళ్ళో పెరిగిందో రాయాలి. వెయ్యడానికి ఫీజు 435 డాలర్లు. నీ దగ్గర లేవు కాబట్టి ఎఫ్‌డబ్ల్యూ-001 నింపి ఫీజు మాఫీ అడుగు, రెస్పాన్స్‌తో పాటే ఇవ్వచ్చు. మా ఆయనకి లక్షన్నర డాలర్ల జీతం, నాకు మాఫీ ఎలా ఇస్తారు అని చాలామంది ఆడవాళ్ళు ఆ ఫారం ముట్టుకోరు. విడిగా ఉంటూ ఆయన డబ్బు నీ చేతికి రాకపోతే ఉన్న పరిస్థితి ఉన్నట్టు రాయి, తేల్చేది కోర్టు. మాఫీ చేసిన ఫీజును తర్వాత ఆయన చేత కట్టించే అధికారం కూడా జడ్జికి ఉంది.

మీది అలమేడా కౌంటీ, ఫ్యామిలీ కేసులు హేవర్డ్‌లో చూస్తారు. ప్రతి కౌంటీ కోర్టులోనూ లాయరు లేనివాళ్ళకి కాగితాల్లో సాయం చేసే సెల్ఫ్ హెల్ప్ సెంటర్ ఉంటుంది, డబ్బు తీసుకోరు. అక్కడే ఫ్యామిలీ లా ఫెసిలిటేటర్ అని ఒక అటార్నీ ఉంటారు, పిల్లల ఖర్చు, భరణం కాగితాల్లో సాయం చేస్తారు. టైములు, అపాయింట్‌మెంట్ పద్ధతి కోర్టు వెబ్‌సైట్లో చూసుకుని వెళ్ళు. కవరు మొత్తం తీసుకెళ్ళు, పైకాగితం ఒక్కటే కాదు.

ఇప్పుడు ఇండియా వెళ్ళే మాట. ఆ సమన్లు తిప్పి రెండో పేజీ చదువు. రాతపూర్వకంగా అవతలివారి అంగీకారం గానీ కోర్టు ఆర్డర్ గానీ లేకుండా పిల్లల్ని రాష్ట్రం దాటించకూడదని, కొత్త పాస్‌పోర్టుకి అప్లై చెయ్యకూడదని అందులో ఉంటుంది. ఆయన మీద అది కేసు వేసిన రోజు నుంచి, నీ మీద కవరు అందిన రోజు నుంచి అమల్లో ఉంది. టికెట్ కొనకు. అమ్మ ఒళ్ళో పడుకుని ఏడవాలనిపిస్తుంది, ఆ బాధ నాకు తెలియనిది కాదు, కానీ పాపతో విమానం ఎక్కితే రేపు జడ్జి ముందు ఆయన లాయరు మొదట ఎత్తేది అదే, క్రిమినల్ కేసు దాకా కూడా పోవచ్చు. వెళ్ళాల్సిన అవసరం నిజంగా ఉంటే ఎఫ్ఎల్-300, అంటే కోర్టు ఆర్డర్ కోరే ఫారం, వేసి అడుగు. నెలనెలా ఖర్చులకి భరణం, చివరికి లాయరు ఫీజు కూడా ఆయన చేత ఇప్పించమని ఆ ఎఫ్ఎల్-300 మీదే అడగచ్చు, నీ ఆదాయం ఖర్చుల ఫారం ఎఫ్ఎల్-150 జతచేసి. ఎక్కువ సంపాదించేవారు రెండోవారి లాయరు ఖర్చు భరించాలని కోర్టు ఆర్డర్ ఇవ్వచ్చు. కాబట్టి 'లాయరుకి డబ్బుల్లేవు' అన్న మాట దగ్గర ఆగిపోకు.

వీసా గురించి ఒక్క ముక్క. కేసు వెయ్యగానే హెచ్-4 పోదు, విడాకులు ఖాయమైన రోజున పోతుంది. నీకు కాగితాలు అందిన తేదీ నుంచి ఆరు నెలలు దాటందే విడాకులు ఖాయం కావు. ఆ వ్యవధిలో ఇమిగ్రేషన్ లాయరుని కలువు. ఒకవేళ ఇంట్లో దెబ్బలో బెదిరింపులో ఉంటే (నువ్వు రాయలేదు, నేను ఊహించను) రక్షణ ఆర్డర్ అడిగే ఫారం డీవీ-100కి ఫీజే లేదు, అలాంటి హెచ్-4 వాళ్ళకి పని చేసుకునే అనుమతి అడిగే దారి కూడా ఉంది.

ప్రశ్న: ఇద్దరం ఒప్పుకునే విడిపోతున్నాం, గొడవల్లేవు. ఐటీ ఉద్యోగం, ఫారాలు నింపడం నాకొక లెక్కా అనుకున్నాను. పంపినవన్నీ తిరిగొస్తున్నాయి. తాజాగా సర్వీస్ (కాగితాలు అవతలివారికి అందించడం) చెల్లదన్నారు. నా భార్య ఇదే ఇంట్లో ఉంటుంది, డైనింగ్ టేబుల్ దగ్గర నేనే చేతికిచ్చాను! ఇంతకంటే ఏం సర్వీస్ కావాలి? (సన్నీవేల్)

మీరే ఇచ్చారు, అదే చిక్కు. కేసులో ఉన్న మనిషి తన కాగితాలు తాను అందించకూడదు. 18 ఏళ్ళు నిండిన, కేసుతో సంబంధం లేని వేరే మనిషి ఇవ్వాలి. పక్క అపార్ట్‌మెంట్ స్నేహితుడైనా సరే. అతను వచ్చి అదే డైనింగ్ టేబుల్ దగ్గర ఆవిడ చేతికిచ్చి, ఏ తేదీన, ఎన్ని గంటలకి, ఏ అడ్రసులో, ఏయే ఫారాలు ఇచ్చాడో ఎఫ్ఎల్-115లో రాసి సంతకం చెయ్యాలి. సంతకం అతనిది, మీది కాదు. ఇచ్చే కట్టలో ఖాళీ ఎఫ్ఎల్-120 ఒకటి పెట్టడం మర్చిపోతారు చాలామంది. ఆవిడకి ఇబ్బంది లేకపోతే ఇంకో దారి ఉంది, పోస్టులో పంపించి, అందిందని ఎఫ్ఎల్-117 మీద ఆవిడ చేత సంతకం పెట్టించుకోవడం. అప్పుడు కూడా పోస్టు డబ్బాలో వేసేది వేరే మనిషే.

మిగతావి ఎందుకు తిరిగొచ్చాయో మీరు రాయలేదు గానీ మామూలుగా జరిగేవి చెబుతాను. ఫారం అడుగున ఎడమవైపు చిన్న అక్షరాల్లో అది ఎప్పుడు మార్చిందో తేదీ ఉంటుంది. రెండేళ్ళ కిందట ఫ్రెండ్ వాడిన పీడీఎఫ్ పంపుతారు, కొత్తది వచ్చి ఉంటుంది, క్లర్క్ వెనక్కి కొడతాడు. ఒకచోట మధ్యపేరు రాసి ఇంకోచోట వదిలేస్తారు. మన ఇంటిపేరు, అసలుపేరు పాస్‌పోర్టులో ఒక వరుస, డ్రైవర్ లైసెన్సులో ఇంకో వరుస ఉండడం మామూలే కదా, ఏదో ఒకటి ఎంచుకుని మొదటి కాగితం నుంచి చివరిదాకా అదే రాయండి. రాష్ట్రం ఫారాలు కాక కౌంటీ సొంత ఫారాలు కొన్ని ఉంటాయి, అవి ఆ కోర్టు సైట్లోనే దొరుకుతాయి. కౌంటర్లో ఇస్తే ఒరిజినల్, దానితో రెండు కాపీలు, పైన మధ్యలో రెండు చిల్లులు పొడిచి. పోస్టులో పంపితే స్టాంపులు అంటించిన మీ అడ్రసు కవరు లోపల పెట్టండి, లేకపోతే స్టాంపు వేసిన కాపీ మీ దాకా రాదు.

క్లర్క్ మీద కోపం తెచ్చుకోకండి. 'ఈ గడిలో ఏం రాయమంటారు' అంటే ఆయన చెప్పడు, చెప్పకూడదు, అది లాయరు సలహా కిందికొస్తుంది. 'ఈ పని కావాలంటే ఏ ఫారం వెయ్యాలి, ఎందుకు వెనక్కి పంపారు' అంటే చెబుతాడు. ప్రశ్న మార్చి అడిగి చూడండి.

ఇంకో విషయం, ఒప్పుకుని విడిపోయేవాళ్ళు మరీ తేలిగ్గా తీసుకునేది. ఆస్తులు, అప్పులు, ఆదాయం ఒకరికొకరు వెల్లడించుకోవాలి, కేసు వేసినవాళ్ళు 60 రోజుల్లోపు. ఎఫ్ఎల్-140, ఎఫ్ఎల్-142, ఎఫ్ఎల్-150, రెండేళ్ళ ట్యాక్స్ రిటర్నులు. ఇవి ఆవిడకి ఇవ్వాలి, కోర్టులో వెయ్యనక్కర్లేదు, ఇచ్చినట్టు ఎఫ్ఎల్-141 మాత్రం వెయ్యాలి. ఇది లేక నెలల తరబడి తీర్పు ఆగిపోయిన కేసులు బోలెడు. అన్నట్టు, హైదరాబాద్ శివార్లలో కొన్న ప్లాటు, నాన్న పేరు పక్కన మీ పేరు ఉన్న ఫ్లాటు, ఎన్ఆర్ఐ ఖాతా, ఇవి కూడా రాయాలి. ప్రపంచంలో ఎక్కడున్నా సరే. 'ఇండియా ఆస్తి ఇక్కడ ఎవరడుగుతారు' అనే పెద్దమనుషుల మాట వినకండి, దాచిన ఆస్తి మొత్తంగా అవతలివాళ్ళకే ఇచ్చేసే అధికారం ఈ కోర్టులకుంది.

మీ ఇద్దరి మాటా నిజంగా ఒకటే అయితే, 2026 జనవరి నుంచి ఇద్దరూ కలిసి ఒకే పిటిషన్ వేసుకునే వీలు వచ్చింది. పెళ్ళయి ఐదేళ్ళ లోపు, పిల్లల్లేరు, ఇల్లు లేదు, ఆస్తి అప్పులు తక్కువ అయితే సమ్మరీ డిసొల్యూషన్, అంటే తేలిక పద్ధతి విడాకులు, ఎప్పటినుంచో ఉంది. మీరు ఇప్పటికే వేసిన కేసుని ఏం చెయ్యాలో సెల్ఫ్ హెల్ప్‌లో అడిగాకే కదపండి.

ప్రశ్న: నేను రిటైరైన టీచర్ని. మా అమ్మాయికి అమెరికాలో ఆరేళ్ళ కిందట విడాకులయ్యాయి. ఇప్పుడు సంబంధం కుదిరింది, వాళ్ళు కోర్టు తీర్పు ఒరిజినల్ చూపించమంటున్నారు. అమ్మాయి దగ్గర పోస్టులో వచ్చిన ఒక్క పేజీ ఉంది. వెబ్‌సైట్లో చూస్తే కాలిఫోర్నియా రాష్ట్ర ఆరోగ్యశాఖ డివోర్స్ సర్టిఫికెట్ ఇస్తుందని ఉంది. అక్కడ అప్లై చెయ్యాలా? ఈ తీర్పు ఇక్కడ చెల్లుతుందా? (ఒంగోలు)

మాస్టారూ, ఆరోగ్యశాఖ జోలికి వెళ్ళకండి. వాళ్ళ దగ్గరున్నది 1962 నుంచి 1984 జూన్ వరకు జరిగిన విడాకుల వివరాలే, అది కూడా తీర్పు కాదు, ఫలానా కేసు ఉందనే ధ్రువీకరణ. తీర్పు ఉండేది కేసు నడిచిన కౌంటీ సుపీరియర్ కోర్టులో. మరే ఆఫీసులోనూ ఉండదు.

అమ్మాయి దగ్గరున్న ఒక్క పేజీ బహుశా ఎఫ్ఎల్-190, అంటే తీర్పు నమోదైందని పంపే నోటీసు. కావాల్సింది ఎఫ్ఎల్-180, అసలు తీర్పు. దాని మొదటి పేజీలో వివాహబంధం ఏ తేదీన ముగిసిందో ఉంటుంది. పైన కొట్టిన స్టాంపు తేదీ వేరు, ఆ తేదీ వేరు కావచ్చు. రెండో పెళ్ళికి లెక్కలోకొచ్చేది లోపలి తేదీ. ఇది చూసుకోకుండా ముహూర్తం పెట్టుకుంటే తిప్పలు.

ఒరిజినల్ ఎవరికీ ఇవ్వరు, అది ఫైల్లోనే ఉంటుంది. సర్టిఫైడ్ కాపీ ఇస్తారు, కోర్టు ముద్ర, క్లర్క్ సంతకంతో. అమ్మాయి ఆ కౌంటీలో లేకపోయినా పోస్టులో అడగచ్చు. కేసు నంబరు, ఇద్దరి పేర్లు, ఏ సంవత్సరం, ఏ కాగితం కావాలో రాసి, తిరుగు కవరుతో. కేసు నంబరు ఆ ఒక్క పేజీ మీదే ఉంటుంది. నంబరు లేకపోయినా పేరుతో వెతుకుతారు, పది నిమిషాలు మించి వెతకాల్సొస్తే 15 డాలర్లు. కాపీకి పేజీకి అర డాలరు, సర్టిఫై చేసినందుకు వేరే. మొత్తం ఎంతవుతుందో ముందు తెలియదు కాబట్టి చెక్కు మీద అంకె వెయ్యకుండా 'ఇంతకు మించకూడదు' అని రాసి పంపే అలవాటు ఉంది, ఆ కోర్టు ఒప్పుకుంటుందో లేదో సైట్లో చూడమనండి.

తర్వాత అపోస్టిల్, అంటే ఒక దేశపు కాగితాన్ని ఇంకో దేశంలో చూపించడానికి వేయించుకునే ధ్రువీకరణ. భారతదేశం 2005 నుంచి ఆ అంతర్జాతీయ ఒప్పందంలో ఉంది. సర్టిఫైడ్ కాపీని కాలిఫోర్నియా సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసుకి పంపితే 20 డాలర్లకి అపోస్టిల్ వేసిస్తారు. పిన్నులు పీకి జిరాక్స్ తియ్యద్దని అమ్మాయికి గట్టిగా చెప్పండి, విడదీసిన కాపీని ఒప్పుకోకపోవచ్చు.

ఇక చెల్లుతుందా అన్నది. అపోస్టిల్ చెప్పేది ఆ సంతకం, ముద్ర అసలువే అని మాత్రమే. తీర్పు మన చట్టం ప్రకారం నిలుస్తుందని కాదు. దీని మీద 1991లో సుప్రీంకోర్టు చెప్పింది, నరసింహారావు, వెంకటలక్ష్మిల కేసులో. తిరుపతిలో పెళ్ళి, మిస్సోరీలోని సెయింట్ లూయిస్ కౌంటీ కోర్టులో భర్త తెచ్చుకున్న విడాకులు. ఆ విడాకులు ఇక్కడ చెల్లలేదు. హిందూ వివాహ చట్టంలో ఉన్న కారణం మీద, అవతలి పక్షం స్వచ్ఛందంగా హాజరై వాదించుకున్నాక వచ్చిన తీర్పయితే, లేదా ఇద్దరూ ఒప్పుకుని తెచ్చుకున్నదైతే నిలుస్తుందని ధర్మాసనం చెప్పింది. ఒకరే వెళ్ళి, రెండోవాళ్ళు లేకుండా, 'మాకు పడట్లేదు' అన్న కారణంతో తెచ్చుకున్నది ఇక్కడ ప్రశ్నకి నిలబడదు. కాలిఫోర్నియా తీర్పుల్లో ఉండే కారణం సాధారణంగా ఈ 'పడట్లేదు' అన్నదే.

అందుకని ఎఫ్ఎల్-180 ఒక్కటే తెప్పించకండి. ఆ అబ్బాయి, మీ అమ్మాయి ఇద్దరూ సంతకం చేసిన ఒప్పందం ఉంటే దాని సర్టిఫైడ్ కాపీ, రెండో పక్షం వేసిన రెస్పాన్స్ కాపీ కూడా ఒకేసారి అడగమనండి. ఇద్దరూ పాల్గొన్నారని చూపించేవి అవే. ఆ కట్ట పెట్టుకుని ఒంగోలులోనే ఫ్యామిలీ కేసులు చూసే వకీలుని కలవండి. అప్పట్లో డిఫాల్ట్ మీద వచ్చిన తీర్పయితే నిశ్చితార్థానికి ముందే కలవండి, తర్వాత కాదు.

ప్రశ్న: మా బంధువు ఒకాయన మా కేసు ఆన్‌లైన్‌లో చూశానని పదిమందిలో అన్నాడు. ఎవరైనా చూడచ్చా? (అర్వైన్)

కొంత వరకు. పేర్లు, కేసు నంబరు, ఏ రోజు ఏ కాగితం పడింది, వాయిదా ఎప్పుడు, ఇంతవరకు ఇంట్లో కూర్చుని చూడచ్చు. ఫ్యామిలీ కేసు కాగితాల లోపలి మాటలు బయటివాళ్ళకి ఆన్‌లైన్‌లో ఇవ్వకూడదని రాష్ట్ర కోర్టుల నియమం. అయితే కోర్టుకెళ్ళి కంప్యూటర్ దగ్గర కూర్చుంటే చాలావరకు ఎవరైనా చదవచ్చు, అవి పబ్లిక్ రికార్డులే. ఫీజు మాఫీ దరఖాస్తు, పిల్లల కస్టడీ మీద నిపుణులిచ్చిన రిపోర్టు లాంటివి గోప్యం.

కాబట్టి జాగ్రత్త పడాల్సింది వేసేముందు. సోషల్ సెక్యూరిటీ నంబరు, బ్యాంకు ఖాతా నంబరు చివరి నాలుగంకెలు తప్ప కొట్టెయ్యండి. కొట్టెయ్యడం మీ పనే, క్లర్క్ చూడడు. డిక్లరేషన్‌లో (కోర్టుకి రాసిచ్చే వాంగ్మూలంలో) అత్తగారి గురించి, ఆడపడుచు గురించి నాలుగు పేజీలు కక్కకండి. జడ్జికి కావాల్సింది తేదీలు, జరిగినవి. మిగతాది మీ బంధువు లాంటివాళ్ళకి కాలక్షేపం.

ప్రశ్న: సెల్ఫ్ హెల్ప్‌కి మా ఆయన నాకంటే ముందే వెళ్ళాడట. ఇక నాకు సాయం చేస్తారా? నా ఇంగ్లిష్ అంతంతమాత్రం, మా పన్నెండేళ్ళ బాబు మాట్లాడి పెడతానంటున్నాడు. (ఫోల్సమ్)

చేస్తారు. వాళ్ళు ఎవరి పక్షమూ కాదు, ఇద్దరికీ చెబుతారు, ఒకే రోజు పక్కపక్క కుర్చీల్లో కూర్చోబెట్టినా ఆశ్చర్యపోకండి. అందుకే వాళ్ళు మీ లాయరు కారని గుర్తుపెట్టుకోండి. మీరు అక్కడ చెప్పుకున్న రహస్యానికి లాయరు దగ్గర ఉండే రక్షణ లేదు. ఏ ఫారం, ఎలా నింపాలి, ఎప్పటిలోపు, ఎలా అందించాలి, ఇవి అడగండి. 'ఇల్లు వదులుకోనా, గెలుస్తానా' అన్నవి లాయర్ల ప్రశ్నలు. ఒక గంట కన్సల్టేషన్‌కి మాత్రమే లాయరుకి డబ్బు కట్టి, మిగతా కాగితాలు సొంతంగా చేసుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు, అది మంచి పద్ధతే.

బాబుని మాత్రం తీసుకెళ్ళకండి. తల్లిదండ్రుల విడాకుల మాటలు వాడి నోటితో చెప్పించడం ఏం బాగుంటుంది? ఫ్యామిలీ కేసు వాయిదాలకి కోర్టే దుబాసీని ఉచితంగా పెడుతుంది. ఐఎన్‌టీ-300 అనే ఫారం మీద 'తెలుగు' అని రాసి, వాయిదా తేదీ తెలిసిన వెంటనే ఇవ్వండి. స్పానిష్‌కి దొరికినంత సులువుగా తెలుగుకి మనుషులు దొరకరు, ముందురోజు అడిగితే వాయిదా పడుతుంది. కస్టడీ తేలకపోతే జడ్జి దగ్గరికి వెళ్ళేముందు మీ ఇద్దర్నీ మీడియేషన్‌కి, అంటే రాజీ చర్చకి, పంపుతారు, దానికి కూడా విడిగా అడగండి. కొన్ని కౌంటీల్లో ఆ మీడియేటర్ జడ్జికి తన సిఫార్సు రాసి పంపుతారు, కొన్నింట్లో ఏదీ బయటికి చెప్పరు. మీ కౌంటీ ఏ రకమో లోపలికి వెళ్ళేముందే అడిగి తెలుసుకోండి.